వైల్డ్‌కార్డ్ మాస్క్‌ని స్లాష్‌లోకి మార్చే స్క్రిప్ట్: 58 వరసలు 0.0.0.0/0 అయిపోయాయి, ఎక్కడ తప్పు?

నైట్‌షిఫ్ట్_నాని (శుక్రవారం రాత్రి 11:42)

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి. మా ఆఫీసులో పాత సిస్కో రౌటర్ మీదున్న యాక్సెస్ లిస్ట్ (ఎవర్ని వదలాలి, ఎవర్ని ఆపాలి అనే రూల్స్) మొత్తం అమెజాన్ క్లౌడ్‌లోకి ఎక్కించాలి. రౌటర్‌లో అడ్రసు పక్కన వైల్డ్‌కార్డ్ మాస్క్ (అడ్రసులో ఏ బిట్లు ఏవైనా ఫర్లేదో చెప్పే అంకె) ఉంటుంది కదా, 10.20.4.64 0.0.0.63 అన్నట్టు. అక్కడేమో 10.20.4.64/26 అని స్లాష్ పెట్టి, ఎడమ నుంచి ఎన్ని బిట్లు సరిపోలాలో చెప్తేనే తీసుకుంటుంది. మొత్తం 640 వరసలు. ఎవరో ఎప్పుడో ఎక్సెల్ షీట్‌లోకి దించి పెట్టారు, ఆ మనిషి ఇప్పుడు మా దగ్గర లేడు.

చేత్తో మారిస్తే తెల్లారిపోతుందని పైథాన్‌లో 11 లైన్ల స్క్రిప్ట్ రాశా. ఆఫీసు లాప్‌టాప్‌లోంచి కోడ్ బయట పెట్టకూడదు, ఫోన్‌లో టైప్ చేస్తున్నా కాబట్టి మాటల్లోనే చెప్తా. ఒక్కో వరస తీసుకుంటుంది, అడ్రసుకీ మాస్క్‌కీ మధ్య స్లాష్ పెట్టి అతికిస్తుంది, పైథాన్‌తో పాటే వచ్చే ఐపీఅడ్రెస్ మాడ్యూల్‌కి ఇస్తుంది, అది ఇచ్చిన జవాబు పక్క కాలమ్‌లో రాస్తుంది. అంతే.

మొదట నడిపినప్పుడు హోస్ట్ బిట్స్ ఉన్నాయని (అంటే మాస్క్ పట్టించుకోని చోట అడ్రసులో ఒకట్లు ఉన్నాయని) ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. నెట్‌లో వెతికితే స్ట్రిక్ట్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చెయ్యమన్నారు, చేశా. ఇక ఎర్రర్ వచ్చిన రెండు వరసలు తప్ప మిగతావన్నీ గడగడా అయిపోయాయి. టెస్ట్ అకౌంట్‌లో ఎక్కించి చూస్తే 58 రూల్స్‌లో 0.0.0.0/0 అని ఉంది. అంటే ప్రపంచం మొత్తానికి తలుపు తీసినట్టు. అసలు అకౌంట్‌లో ఎక్కించి ఉంటే సోమవారం నేను ఎక్కడ ఉండేవాణ్నో తెలీదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరైనా చెప్పగలరా?


సీసీఎన్ఏ_సిరి (రాత్రి 11:50)

అన్నా, ఆ 58 వరసల్లో మాస్క్ ఏముంది? అన్నిటికీ ఒకటేనా?


నైట్‌షిఫ్ట్_నాని (రాత్రి 11:53)

ఇప్పుడే చూశా. అన్నిటికీ 0.0.0.0. ఉదాహరణకి 10.20.9.5 0.0.0.0.


పింగ్_పంతులు (శనివారం రాత్రి 12:10)

సిరి అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది.

0.0.0.0 అనేది వైల్డ్‌కార్డ్ అయితే 32 బిట్లూ కచ్చితంగా సరిపోలాలి అని అర్థం, అంటే ఒకే ఒక్క మెషీన్, /32. అదే నెట్‌మాస్క్ (వైల్డ్‌కార్డ్‌కి తిరగేసిన రాత, ఒకటి ఉన్న బిట్లే సరిపోలాలి) అయితే ఒక్క బిట్ కూడా చూడక్కర్లేదు అని, అంటే /0. రాత ఒకటే, అర్థాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. స్లాష్ తర్వాత మాస్క్ ఇస్తే ఐపీఅడ్రెస్ మాడ్యూల్ అది ఏ రకమో చూసి ఊహిస్తుంది. సున్నా కాని అంకెతో మొదలైతే నెట్‌మాస్క్, సున్నాతో మొదలైతే వైల్డ్‌కార్డ్ అనుకుంటుంది. వాళ్లు దాన్ని హోస్ట్ మాస్క్ అంటారు. అందుకే నీ 0.0.0.63 లన్నీ చక్కగా /26 అయ్యాయి, నువ్వూ నమ్మేశావు. అన్నీ సున్నాలే ఉంటే మాత్రం నెట్‌మాస్క్ కిందే లెక్క. ఇది దాచిపెట్టిందేమీ కాదు, వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మనం ఆ పేజీ తెరిచేది పని చెడ్డాకే కదా.

ఇంకోటి. నువ్వు స్ట్రిక్ట్ తీసెయ్యకపోయుంటే 10.20.9.5 దగ్గరే ఆగేది. /0కి 10.20.9.5 అంతా హోస్ట్ బిట్లే కాబట్టి ఎర్రర్ వచ్చి తీరుతుంది. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేశావు, దొంగ తిన్నగా నడుచుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు షీట్‌లో 255.255.255.255 ఉన్న వరసలు కూడా చూడు. అక్కడ దీనికి తిరగబడి ఉంటుంది.


నైట్‌షిఫ్ట్_నాని (రాత్రి 12:21)

అయ్య బాబోయ్. నిజమే పంతులు గారూ. 0.0.0.0 255.255.255.255 అని 6 వరసలు ఉన్నాయి, రౌటర్‌లో అది ఎనీ, అంటే ఎవరైనా సరే. నా స్క్రిప్ట్ వాటిని 0.0.0.0/32 చేసింది. అంటే అందరికీ తెరవాల్సింది ఎవరికీ తెరవలేదు, ఒక్కరికి తెరవాల్సింది అందరికీ తెరిచింది.

అయినా ఒక డౌటు. రౌటర్‌లో చూస్తే హోస్ట్ 10.20.9.5 అని కనిపిస్తుంది, ఎనీ అని కనిపిస్తుంది. షీట్‌లో అంకెలు ఎలా వచ్చాయి?


విశాఖ_వైర్లు (రాత్రి 12:34)

ఆ షీట్ చేసినాయన కాలమ్స్ సమానంగా రావాలని హోస్ట్, ఎనీ అన్న మాటల్ని అంకెల్లోకి మార్చేసి ఉంటాడు తమ్ముడూ. నేనూ చేశాను ఆ పని, పాపం ఆయన్ని అనకు. కానీ షీట్‌ని నమ్మకు. రౌటర్‌లోంచి రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగ్స్) తాజాగా తీసుకుని దానితో పోల్చు. ఎక్సెల్‌లో ఎవరైనా 10.20.4.254 ఉన్న గడి మూల పట్టుకుని కిందికి లాగితే 255 అయ్యాక అది 256, 257 అని వేసుకుంటూ పోతుంది, దానికది ఐపీ అని తెలీదు కదా, చివర అంకె కనిపిస్తే పెంచడమే.


సీసీఎన్ఏ_సిరి (రాత్రి 12:40)

తెలియక అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. వైల్డ్‌కార్డ్ అంటే 255 లోంచి నెట్‌మాస్క్ తీసెయ్యడమే కదా? అమీర్‌పేట కోచింగ్‌లో 128, 192, 224, 240, 248, 252, 254, 255 అని ఎక్కాల్లా బట్టీ పట్టించారు. 255 లోంచి 192 పోతే 63. అలాంటప్పుడు నాని అన్న ముందే తిప్పేసి నెట్‌మాస్క్‌గా ఇస్తే సరిపోదా? 0.0.0.0 తిప్పితే 255.255.255.255, అది నెట్‌మాస్క్‌గా /32, కరెక్టే వస్తుంది. ఎనీ తిప్పితే 0.0.0.0, అది /0, అదీ కరెక్టే.


నైట్‌షిఫ్ట్_నాని (రాత్రి 12:44)

సిరీ, నువ్వు ఇంకా సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్క్ సర్టిఫికెట్) పరీక్ష రాయలేదా, రాసెయ్ తల్లీ. తిప్పి చూశా, 58 వరసలూ /32 అయ్యాయి, 6 వరసలూ /0 అయ్యాయి. ఆ రెండు వరసలకి మాత్రం ఇంకా ఎర్రర్ వస్తోంది, అవి పొద్దున చూస్తా. అందరికీ థాంక్స్, పడుకుంటున్నా.


డల్లాస్_బాబాయ్ (రాత్రి 1:15)

పడుకోకు నానీ, ఇంకో గోతి ఉంది. ఇక్కడ మాకు మధ్యాహ్నమే, నేను తీరిగ్గా రాస్తా, నువ్వు పొద్దున్నే చదువుకో.

సిరి చెప్పింది నిజమే, కానీ తిప్పాక కూడా ఊహించే పని మాడ్యూల్ చేతిలోనే ఉంది. షీట్‌లో ఎవరో పొరపాటున వైల్డ్‌కార్డ్ కాలమ్‌లో 255.255.255.0 అని నెట్‌మాస్క్ వేశారనుకో. (సిస్కో వాళ్ల ఏఎస్‌ఏ ఫైర్‌వాల్ యాక్సెస్ లిస్ట్‌లో నెట్‌మాస్కే రాస్తారు, రౌటర్‌లో వైల్డ్‌కార్డ్. ఒకే కంపెనీ రెండు డబ్బాలు, రెండు ఆచారాలు. అటూ ఇటూ తిరిగేవాడికి చెయ్యి తప్పడం మామూలే.) దాన్ని తిప్పితే 0.0.0.255 వస్తుంది. సున్నాతో మొదలైంది కాబట్టి మాడ్యూల్ ఓహో హోస్ట్ మాస్క్ అనుకుని /24 అని ఇచ్చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రౌటర్ ఇన్నాళ్లూ ఆ వరసని అలా చదవలేదు. దాని దృష్టిలో మొదటి మూడు భాగాలు ఏవైనా ఫర్లేదు, చివరిది మాత్రం సరిపోలాలి. అంటే ఆ రూల్ ఇన్నేళ్లూ ఉద్దేశించిన పని చెయ్యనే లేదన్నమాట. అది నీకు తెలియాలి. స్క్రిప్ట్ దాన్ని మర్యాదగా సర్దేసి దాచకూడదు.

కాబట్టి మాడ్యూల్‌ని మాస్క్ జోలికే రానివ్వకు, లెక్క నువ్వే చేసుకో. పెద్ద పని కాదు. వైల్డ్‌కార్డ్‌ని 32 బిట్ల ఒకే అంకెగా మార్చు. దాన్ని డబ్ల్యూ అందాం.

మంచి వైల్డ్‌కార్డ్ అంటే బైనరీలో ఎడమన అన్నీ సున్నాలు, కుడిన అన్నీ ఒకట్లు, మధ్యలో కలగాపులగం ఉండకూడదు. అలాంటి అంకెకి ఒకటి కలిపితే ఒకట్లన్నీ సున్నాలై ముందు ఒక్క ఒకటి వస్తుంది. 63 అంటే 111111, 64 అంటే 1000000. ఆ రెంటినీ యాండ్ చేస్తే (రెంటిలోనూ ఒకటి ఉన్న చోటే ఒకటి వస్తుంది) సున్నా. కాబట్టి డబ్ల్యూని దానికి ఒకటి కలిపిన అంకెతో యాండ్ చెయ్యి, సున్నా రాకపోతే ఆ వరస పక్కన పెట్టి మనిషికి చూపించు. సున్నా వస్తే పైథాన్‌లో బిట్ లెంగ్త్ అని ఉంది, ఆ అంకె రాయడానికి ఎన్ని బిట్లు కావాలో చెప్తుంది. 63కి 6. 32 లోంచి 6 పోతే 26. అయిపోయింది.

రెండు చివర్లూ చూడు. డబ్ల్యూ సున్నా అయితే బిట్ లెంగ్త్ సున్నా, /32. అన్నీ ఒకట్లు అయితే 32, /0. ఎక్కడా ఊహ లేదు. పొరపాటున పడిన 255.255.255.0 మొదటి పరీక్షలోనే దొరికిపోతుంది. ఎవరో చెయ్యి జారి 63 బదులు 64 కొట్టినా దొరుకుతుంది. 0.0.0.64 అంటే రౌటర్‌కి 64 మెషీన్లు కాదు, రెండే రెండు.


బ్రౌజర్_భాను (రాత్రి 1:32)

నిద్ర పట్టక చదువుతున్నా. నేను నెట్‌వర్క్ మనిషిని కాను, జావాస్క్రిప్ట్ రాసుకుంటా. మా ఇంటర్నల్ పేజీలో స్లాష్ నుంచి మాస్క్‌కి మార్చే చిన్న డబ్బా పెట్టా పోయినేడు. 32 ఒకట్లు తీసుకుని, 32 లోంచి స్లాష్ పక్కనున్న అంకె తీసేస్తే ఎంతొస్తే అన్ని చోట్లు ఎడమకి జరపడం. అన్నిటికీ బాగానే వచ్చేది, /0 ఇస్తే మాత్రం 255.255.255.255 వచ్చేది. రెండు రోజులు తల పగలగొట్టుకున్నా. జావాస్క్రిప్ట్‌లో 32 చోట్లు జరపమంటే 32 భాగారం 32 శేషం సున్నా అని అసలు జరపనే జరపదు. ఇక్కడా అవే రెండు చివర్లు, /0, /32!


పింగ్_పంతులు (రాత్రి 1:40)

సీ భాషలో ఇంకా అన్యాయం భాను గారూ. 32 బిట్ల అంకెని 32 చోట్లు జరపడం అంటే ఏం వస్తుందో భాషే హామీ ఇవ్వదు. పైథాన్‌లో దీనికి రివర్స్ గొడవ: అంకెకి హద్దు లేదు కాబట్టి ఎడమకి జరిపితే పైకి పోతూనే ఉంటుంది, చివర 32 బిట్లకి కోసుకోవాలి. ఏ భాషలో రాసినా /0 నుంచి /32 దాకా మొత్తం 33 అటు మార్చి ఇటు మార్చి చూడాలి. 32 కాదు, 33. ఈ లెక్క తప్పినవాళ్లని బోలెడు మందిని చూశా, వాళ్లలో నేనూ ఒకణ్ని.


నైట్‌షిఫ్ట్_నాని (శనివారం ఉదయం 9:20)

ఇప్పుడే లేచి మొత్తం చదివా. బాబాయ్, మీరు చెప్పినట్టే రాశా, 11 లైన్లు కాస్తా 19 అయ్యాయి. 33 పరీక్షలూ పాస్. 640లో 629 మారాయి, 11 పక్కన పడ్డాయి. ఆ 11లో:

7 వరసల్లో వైల్డ్‌కార్డ్ చోట 255.255.255.0 ఉంది. రాత్రి తిప్పే పద్ధతిలో ఈ ఏడూ బుద్ధిగా /24 అయిపోయి కూర్చున్నాయి! ఎర్రర్ వచ్చిన రెండే చూసి వదిలేసేవాణ్ని.

2 వరసలకి అడ్రసే చదవలేకపోయింది, 010.020.004.070 అని సున్నాలు పెట్టి ఉంది.

1 వరసలో 0.0.0.64.

ఇంకొకటి 10.30.7.0 0.0.0.254. ఇదేంటో అర్థం కాలేదు. టైపింగ్ తప్పేనా? 255 బదులు 254?

(రాత్రి ఎర్రర్ వచ్చిన రెండూ ఆఖరి ఈ రెండే. సున్నాల వరసలు రాత్రి ఎర్రర్ లేకుండా ఎలా పోయాయా అని చూస్తే, రాత్రి నా సొంత లాప్‌టాప్‌లో నడిపా, దాంట్లో పైథాన్ 3.8 మొదట్లోది ఉంది. ఆఫీసుదాంట్లో కొత్తది.)


డల్లాస్_బాబాయ్ (ఉదయం 9:48)

సొంత లాప్‌టాప్‌లో నడిపానని ఇక్కడ ఎందుకు రాశావు నాయనా, మీ సెక్యూరిటీ వాళ్లు చదివితే?

ఆ సున్నాల సంగతి చెప్తా. ముందు సున్నా ఉంటే చాలా పాత ప్రోగ్రాములు దాన్ని ఆక్టల్ అనుకుంటాయి, అంటే ఎనిమిది మీద లెక్క. లినక్స్‌లో 010.020.004.070కి పింగ్ కొట్టి చూడు, అది 8.16.4.56కి పోతుంది. పాత పైథాన్ మాడ్యూల్ సున్నాలు తీసేసి 10.20.4.70 అనుకునేది. ఒకే రాత, ఒకడు ఒకలా, ఇంకొకడు ఇంకోలా చదివితే అదే సెక్యూరిటీ కంత. అందుకే 2021లో పైథాన్ 3.9.5 నుంచి ముందు సున్నాలుంటే ఒప్పుకోవడం మానేశారు. నీ షీట్‌లో అది నిలువుగా అందంగా కనపడాలని పెట్టుంటారు, సున్నాలు తీసేసి 10.20.4.70 చెయ్యి. కానీ రౌటర్‌లో ఏముందో చూశాకే.


సీసీఎన్ఏ_సిరి (ఉదయం 10:05)

అన్నా, 10.20.4.70 పక్కన మాస్క్ 0.0.0.63 అయితే స్లాష్‌లో 10.20.4.70/26 అని రాయకూడదు కదా? 70ని 192తో యాండ్ చేస్తే 64. అంటే 10.20.4.64/26. మొదట వచ్చిన హోస్ట్ బిట్స్ ఎర్రర్ ఇదేనేమో.


నైట్‌షిఫ్ట్_నాని (ఉదయం 10:11)

అదే సిరీ. అలాంటివి 23 ఉన్నాయి. ఈసారి ఎర్రర్ మూసెయ్యకుండా పాత అడ్రసు ఒక కాలమ్‌లో, యాండ్ చేసిన అడ్రసు పక్క కాలమ్‌లో పెట్టి, తేడా ఉన్నవాటికి పసుపు రంగు వేశా.


విశాఖ_వైర్లు (ఉదయం 10:30)

0.0.0.254 తప్పు కాదు తమ్ముడూ, ఎవరో తెలివైనవాడు రాసిన వరస అది. 254 అంటే 11111110. చివరి బిట్ ఒక్కటే చూస్తుంది, మిగతా ఏడూ ఏదైనా ఫర్లేదు. 10.30.7.0లో చివరి బిట్ సున్నా కాబట్టి 0, 2, 4, 6 ఇలా సరి అంకెలన్నీ పట్టుకుంటుంది, 128 అడ్రసులు. వైల్డ్‌కార్డ్‌తో ఇది కుదురుతుంది, స్లాష్‌తో కుదరదు. స్లాష్‌కి ఎడమ నుంచి ఇన్ని బిట్లు అని చెప్పడమే తెలుసు. అందుకని ఆ వరసని ఏ స్క్రిప్టూ ఒక్క వరసగా మార్చలేదు. 128 విడివిడి /32లు రాసుకోవాలి, లేదంటే ఎందుకు రాశారో కనుక్కోవాలి.


బ్రౌజర్_భాను (ఉదయం 10:41)

128 పెట్టేస్తే పోలా? స్క్రిప్టే కదా రాసేది.


పింగ్_పంతులు (ఉదయం 11:02)

పోదు. అమెజాన్‌లో ఒక సెక్యూరిటీ గ్రూప్‌కి (అక్కడ యాక్సెస్ లిస్ట్ బదులు వాడేది) లోపలికి వచ్చే రూల్స్ మామూలుగా 60 వరకే, పెంచమని అడుక్కోవాలి. 640 వరసలు ఎలాగూ పట్టవు. పక్కపక్కనున్నవి కలిపెయ్యాలి. చివర 0, 64, 128, 192 ఉన్న నాలుగు /26లూ వరసగా ఉంటే ఒక /24. ఐపీఅడ్రెస్ మాడ్యూల్‌లో కొలాప్స్ అని ఫంక్షన్ ఉంది, అది మాత్రం నిక్షేపంగా వాడుకో, అక్కడ ఊహలేం లేవు.

కానీ నానీ, కలిపే ముందు ఒక మాట. ఒకే పోర్టు, ఒకే ప్రోటోకాల్ ఉన్నవే కలపాలి. అంతకన్నా ముఖ్యం డినై వరసలు, అంటే ఆపమని చెప్పేవి. రౌటర్ యాక్సెస్ లిస్ట్ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట ఏది సరిపోతే దాంతో ఆగిపోతుంది. సెక్యూరిటీ గ్రూప్‌లో వరస క్రమం లేదు, డినై అనేదే లేదు, అన్నీ అనుమతులే. రౌటర్‌లో పైన ఒక మెషీన్‌ని ఆపి కింద ఆ నెట్‌వర్క్ మొత్తాన్ని వదిలారనుకో, నువ్వు అనుమతులు మాత్రమే తీసుకెళ్తే ఆ ఆగిన మెషీన్ కూడా లోపలికొస్తుంది. నీ 640లో డినైలు ఎన్ని?


నైట్‌షిఫ్ట్_నాని (ఉదయం 11:09)

31. చివర్లో మామూలుగా ఉండే, మిగతా అందర్నీ ఆపే డినై కాకుండా.


పింగ్_పంతులు (ఉదయం 11:15)

అయితే ఆ 31 చుట్టూ ఉన్నవి చేత్తో చెయ్యి. డినై ఉన్న ముక్కని అనుమతిలోంచి తీసేస్తే మిగిలింది ఏయే స్లాష్‌లు అవుతాయో చెప్పడానికీ ఆ మాడ్యూల్‌లోనే ఎక్స్‌క్లూడ్ ఉంది. ఒక /24 లోంచి ఒకే ఒక్క /32 తీస్తే 8 ముక్కలొస్తాయి: /25, /26, ఇలా /32 దాకా ఒక్కోటి. కాగితం మీద ఒకసారి గీసుకో, తర్వాత స్క్రిప్ట్.


నైట్‌షిఫ్ట్_నాని (సోమవారం మధ్యాహ్నం 2:30)

అప్‌డేట్. 7 తప్పుడు నెట్‌మాస్క్ వరసలు మా మేనేజర్‌కి చూపించా, వాటిలో 5 ఏ అప్లికేషన్‌వో ఎవరికీ తెలీదు, తీసేయమన్నారు. డినైలు పోను, పోర్టుల వారీగా కలిపితే మిగిలినవి 143 రూల్స్, మూడు గ్రూపుల్లోకి సర్దా. టెస్ట్ అకౌంట్‌లో 0.0.0.0/0 కచ్చితంగా 6 చోట్లే ఉంది, ఉండాల్సిన చోట్లే ఉంది.

0.0.0.254 సంగతి. రిటైరైపోయిన పాత సార్‌కి ఫోన్ చేశా. ఆయన నవ్వి, అది నేను రాసిందే, ఆ బ్రాంచిలో సరి అంకెలు బిల్లింగ్ కౌంటర్లకి, బేసి అంకెలు ప్రింటర్లకి ఇచ్చాం, కౌంటర్లకి మాత్రమే సర్వర్ దారి తెరవాలని అలా పెట్టా అన్నారు. ఆ బ్రాంచి మూసేసి మూడేళ్లయిందట. హమ్మయ్య, 128 రాయక్కర్లేదు, ఆ వరస వదిలేస్తున్నా.


విశాఖ_వైర్లు (మధ్యాహ్నం 2:41)

వదిలేసే ముందు రౌటర్‌లో ఆ వరసకి హిట్ కౌంట్ (ఆ రూల్ ఎన్నిసార్లు సరిపోలిందో ఆ లెక్క) చూశావా?


నైట్‌షిఫ్ట్_నాని (మధ్యాహ్నం 3:05)

శనివారమే కౌంటర్లన్నీ సున్నా చేసి పెట్టా అన్నా, సున్నాయే ఉంటుందిలే అనుకుని ఆ వరస మాత్రం చూడలేదు. మీరు అడిగాక ఇప్పుడు చూశా. 14 ఉంది.

మూసేసిన బ్రాంచి నుంచి 14 ఏంటో! వదిలెయ్యట్లేదు, లాగ్ ఆన్ చేసి కూర్చున్నా.